హాస్టల్ నెట్‌వర్క్‌లో చేరే ముందు

అమ్మకో నాన్నకో బదిలీ అయితే ఇంట్లో ఏం జరుగుతుందో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. సామాను అట్టపెట్టెల్లోకి ఎక్కుతుంది. పాత బడిలో టీసీ తీసుకుంటారు. కొత్త ఊళ్లో అడ్మిషన్ ఫారం నింపుతారు. హాజరుపట్టీలో మీ పేరు చేరాకే మీరు ఆ తరగతి విద్యార్థి అవుతారు. అంతవరకూ మీరెంత బాగా చదివేవారైనా గుమ్మం దగ్గర నిలబడ్డ కొత్తవాళ్లే.

పన్నెండో తరగతి అయ్యాక మీలో చాలామందికి ఇంకో బదిలీ ఉంటుంది. ఈసారి బదిలీ మీదే. అమ్మానాన్నలు ఒక ఊళ్లో, మీరు ఇంకో ఊళ్లో, విశ్వవిద్యాలయం హాస్టల్లో. బట్టలతో పాటు ఫోనూ ల్యాప్‌టాపూ మీ వెంట వస్తాయి. మొదటి సాయంత్రం గదిలో కూర్చుని వైఫై పేరు నొక్కితే ఇంట్లోలాగా వెంటనే నెట్ రాదు. మీ పేరు, నమోదు సంఖ్య, పాస్‌వర్డ్ ఇవ్వమని ఒక పేజీ తెరుచుకుంటుంది. దాని కింద నియమాల జాబితా, ఆ జాబితా కింద ‘అంగీకరిస్తున్నాను’ అనే గడి ఉంటాయి. చాలామంది జాబితా చదవకుండానే ఆ గడి నొక్కేస్తారు. నేనూ అలాగే నొక్కాను. తరువాత ఏమైందో ఈ పాఠం మధ్యలో చెబుతాను.

నియమాలు సంస్థను బట్టి కొంత మారతాయి. వాటి వెనుక ఉన్న కారణాలు మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. కారణం తెలిస్తే నియమం గుర్తుంటుంది. కాబట్టి ఒక్కొక్క నియమాన్నీ దాని కారణంతో కలిపి తెలుసుకుందాం.

ఇంటి నెట్ వేరు, హాస్టల్ నెట్ వేరు

మీ ఇంట్లో నెట్‌కు ఎన్ని పరికరాలు తగిలించి ఉన్నాయో లెక్కపెట్టండి. మూడు ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, ఒక టీవీ, మహా అయితే ఇంకో రెండు. ఏదైనా పాడైతే ఇబ్బంది పడేది మీ ఇంట్లోవాళ్లే. రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వేస్తే సగం సమస్యలు తీరిపోతాయి.

ఇప్పుడు నాలుగు వందల మంది ఉండే హాస్టల్ ఊహించుకోండి. ఒక్కొక్కరికి రెండేసి పరికరాలనుకున్నా ఎనిమిది వందలు. అవన్నీ ఒకే భవనంలోని స్విచ్‌ల గుండా, ఒకే పెద్ద తీగ గుండా బయటి ప్రపంచానికి వెళ్లాలి. వార్డెన్ గారి కార్యాలయం, గ్రంథాలయం, ప్రయోగశాలలు కూడా చాలాచోట్ల అదే వ్యవస్థ మీద నడుస్తాయి. కాలనీలో అందరికీ ఒకే నీళ్ల ట్యాంకు ఉంటే ఒక ఇంట్లో కొళాయి విప్పి వదిలేసినా పక్క వీధికి నీళ్లు అందవు. ఇదీ అలాంటిదే.

మన దేశంలో ఇంటర్నెట్ ముందుగా అడుగుపెట్టింది ఇళ్లలో కాదు, విద్యాసంస్థల్లో. 1986లో కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఎర్నెట్ అనే పథకాన్ని ప్రారంభించింది. అయిదు ఐఐటీలు, బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ మొదట్లోనే అందులో ఉన్నాయి. సామాన్య ప్రజలకు విదేశ్ సంచార్ నిగమ్ ద్వారా ఇంటర్నెట్ అందింది 1995 ఆగస్టు 15న. తరువాత 2010లో విశ్వవిద్యాలయాలనూ పరిశోధన సంస్థలనూ వేగవంతమైన తీగలతో కలిపే నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్‌కు ప్రభుత్వం ఆమోదం తెలిపింది. ప్రజాధనంతో, చదువు కోసం, పరిశోధన కోసం వేసిన దారులివి. హాస్టల్ గదిలోని నెట్‌కు నియమాలు పెట్టడానికి ఇది మొదటి కారణం.

మొదటి నియమం: పరికరాన్ని మీ పేరు మీద నమోదు చేయించాలి

ప్రతి ఫోనుకూ ల్యాప్‌టాపుకూ నెట్‌వర్క్‌తో మాట్లాడే ఒక భాగం ఉంటుంది. తయారుచేసిన సంస్థ దానికి ఒక సంఖ్య ఇస్తుంది. దాన్ని మ్యాక్ అడ్రస్ అంటారు. మోటారు సైకిలుకు ఛాసిస్ నంబరు ఉన్నట్టే ఇది. ఇందులో పన్నెండు గుర్తులుంటాయి. ఒక్కో గుర్తు 0 నుంచి 9 వరకు ఒక అంకె కావచ్చు, లేదా ఇంగ్లిష్ అక్షరాల్లో ఏ నుంచి ఎఫ్ వరకు ఒకటి కావచ్చు. మొదటి ఆరు గుర్తులను బట్టి తయారుచేసిన సంస్థ ఏదో తెలుస్తుంది. మిగిలిన ఆరు ఆ పరికరానివే.

చాలా హాస్టళ్లలో ఈ సంఖ్యను మీ నమోదు సంఖ్యతో జతచేసి పట్టికలో రాసుకుంటారు. ఇది మీ పరికరానికి హాజరుపట్టీ. కొన్నిచోట్ల మ్యాక్ అడ్రస్ అడగరు. దానికి బదులు మీకిచ్చిన ఐడీ, పాస్‌వర్డ్‌లతో ప్రతిసారీ లోపలికి రమ్మంటారు. పద్ధతి ఏదైనా ఉద్దేశం ఒకటే. ఈ పరికరం ఎవరిది అని అడిగితే జవాబు ఉండాలి.

ఇక్కడ ఈ కాలపు చిక్కు ఒకటుంది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి చాలా ఫోన్లు తమ అసలు మ్యాక్ అడ్రస్ చెప్పవు. ఒక్కో వైఫైకి ఒక్కో కల్పిత సంఖ్య చెబుతాయి. దుకాణాల్లో, రైల్వే స్టేషన్లలో మీరెక్కడెక్కడ తిరిగారో ఎవరూ జాడ తీయకుండా ఉండటానికి చేసిన మంచి ఏర్పాటే అది. కానీ హాస్టల్లో అసలు సంఖ్య నమోదు చేయించి, ఫోను కల్పిత సంఖ్య చెబుతుంటే ‘ఈ పరికరం మా పట్టికలో లేదు’ అని నెట్‌వర్క్ తిప్పి పంపేస్తుంది. కొత్త విద్యార్థులు మొదటి వారంలో కార్యాలయం చుట్టూ తిరగడానికి ఇదొక కారణం. ఫోను సెట్టింగులలో ఆ హాస్టల్ వైఫై పేరు దగ్గరకు వెళ్లి, అక్కడ మాత్రమే అసలు సంఖ్య వాడమని మార్చుకోండి. మిగతా చోట్ల ఆ రక్షణ అలాగే ఉండనివ్వండి.

ఇంకో జాగ్రత్త. వైఫై పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. హాస్టల్ పేరుతోనే ఇంకెవరో ఒక వైఫై తెరిచి పాస్‌వర్డ్‌లు కాజేసే మోసం ఉంది. కాబట్టి సరైన పేరేమిటో నోటీసు బోర్డు మీద గానీ కార్యాలయంలో గానీ చూసుకోండి. నమోదు సమయంలో ఫోను సర్టిఫికెట్ గురించి అడిగితే, ‘సరిచూడవద్దు’ అనే ఎంపికను తొందరపడి నొక్కకండి. మీరు మాట్లాడుతున్నది నిజంగా మీ సంస్థ సర్వర్‌తోనే అని ఫోను తేల్చుకునేది ఆ సర్టిఫికెట్‌తోనే.

రెండో నియమం: ఇచ్చిన చిరునామాలోనే ఉండాలి

మ్యాక్ అడ్రస్ పుట్టుమచ్చ లాంటిదైతే ఐపీ అడ్రస్ క్వార్టర్ నంబరు లాంటిది. ఊరు మారితే క్వార్టర్ మారినట్టు, నెట్‌వర్క్ మారితే ఐపీ అడ్రస్ మారుతుంది. పాత పద్ధతి ఐపీ అడ్రసులు ప్రపంచం మొత్తానికి దాదాపు 429 కోట్లే. అవి అందరికీ చాలవు. అందుకే కొన్ని వరుసలను లోపలి వాడకానికి విడిగా ఉంచారు. ఇళ్లలో తరచూ కనిపించే 192.168తో మొదలయ్యేవి, పెద్ద సంస్థల్లో కనిపించే 10తో మొదలయ్యేవి అలాంటివే. 10తో మొదలయ్యే వరుసలో కోటీ అరవై ఏడు లక్షలకు పైగా చిరునామాలుంటాయి.

ఎవరికి ఏ చిరునామా ఇవ్వాలో హాస్టల్లో ఒక సర్వర్ చూసుకుంటుంది. ఆ పద్ధతి పేరు డీహెచ్‌సీపీ. అందులో నాలుగు అడుగులుంటాయి.

1. మీ ల్యాప్‌టాప్ లేవగానే ‘నాకు చిరునామా ఇచ్చేవాళ్లు ఎవరైనా ఉన్నారా?’ అని అందరికీ వినపడేలా అడుగుతుంది.
2. సర్వర్ ‘ఇదిగో, ఈ చిరునామా ఖాళీగా ఉంది’ అంటుంది.
3. ల్యాప్‌టాప్ ‘సరే, అదే ఇవ్వండి’ అంటుంది.
4. సర్వర్ ‘ఇచ్చాను, ఇంత సమయం వరకు అది నీదే’ అని రాసుకుంటుంది.

ఇదంతా మన కంటికి కనిపించకుండా క్షణాల్లో జరిగిపోతుంది. కొందరు తెలివి చూపించి చిరునామాను చేత్తో టైపు చేస్తారు. అదే చిరునామా ఇంకొకరికి ఇచ్చి ఉంటే ఇద్దరికీ నెట్ తెగుతూ వస్తూ ఉంటుంది. ఒకే క్వార్టర్‌ను రెండు కుటుంబాలకు కేటాయిస్తే ఎలా ఉంటుందో అలాగే. అందుకే ‘ఐపీ అడ్రసును తనంతట తానే తీసుకోనివ్వండి’ అని నియమాల్లో రాస్తారు.

నాలుగు అడుగుల్లో మొదటిది మరొక్కసారి చూడండి. ల్యాప్‌టాప్ అందరినీ అడుగుతుంది. ముందు ఎవరు జవాబిస్తే వారి మాటే నమ్ముతుంది. తరువాతి నియమానికి మూలం ఇక్కడే ఉంది.

మూడో నియమం: సొంత రౌటర్ పెట్టకూడదు

నేను హాస్టల్లో చేరిన ఏడాది మా గది వరండా చివర ఉండేది. వైఫై సిగ్నల్ ఒక గీత చూపించేది, ఒక్కోసారి అదీ ఉండేది కాదు. దసరా సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పాత రౌటర్ ఒకటి అటక మీద కనిపించింది. గోడకున్న నెట్ రంధ్రానికి దీన్ని తగిలిస్తే గదినిండా వైఫై వస్తుంది కదా అనుకుని తెచ్చుకున్నాను. మొదటి రోజు నొక్కిన నియమాల జాబితాలో ‘సొంత రౌటర్ నిషేధం’ అని ఉందని నాకు తెలియదు. చదవలేదు కదా!

ఒక సాయంత్రం ఏడు గంటలకు గోడ నుంచి తీగ తెచ్చి రౌటర్‌కు గుచ్చాను. వెనకాల ఒకేలా ఉన్న అయిదు రంధ్రాల్లో ఏది దేనికో చూడలేదు. ఫోనులో సిగ్నల్ నిండుగా కనిపించింది, నెట్ మాత్రం రాలేదు. ‘తిని వచ్చి చూద్దాంలే’ అని దాన్ని అలాగే వదిలేసి మెస్‌కు వెళ్లాను.

తిరిగి వచ్చేసరికి వరండా అంతా గోలగా ఉంది. కొందరికి నెట్ వస్తోంది, కొందరికి రావడం లేదు. ముందునుంచీ ల్యాప్‌టాప్ తెరిచి పెట్టుకున్నవాళ్లకు బాగానే ఉంది. అప్పుడే తెరిచినవాళ్లకు పోయింది. మూడు గదుల అవతల ఉండే అమ్మాయి ఏడుపు ఆపుకుంటూ నిలబడి ఉంది. ఆమె స్కాలర్‌షిప్ దరఖాస్తుకు ఆ రాత్రి పన్నెండు గంటల వరకే గడువు. ఆ డబ్బు రాకపోతే తరువాతి సెమిస్టర్ ఫీజుకు వాళ్ల ఇంట్లో అప్పు చేయాలి.

నెట్‌వర్క్ సంగతులు తెలిసిన మూడో ఏడాది అక్క ఒకామె అందరి ల్యాప్‌టాపులూ చూస్తూ వచ్చింది.

“మన చిరునామాలు 10తో మొదలవ్వాలి. ఇక్కడ 192.168 అని వస్తోంది. ఎవరి గదిలోనో రౌటర్ ఉంది. ఎవరిదర్రా?” అని అడిగింది.

నా కాళ్లు కదల్లేదు. మెల్లగా గదిలోకి వెళ్లి తీగ పీకేస్తే ఎవరికీ తెలియదు అనిపించింది. ఆ అమ్మాయి మొహం చూశాను.

“నాదే అక్కా. మా గదిలో ఉంది” అన్నాను.

“ముందు పీకెయ్. తిట్లు తరువాత” అంది అక్క.

ఇద్దరం పరుగెత్తి తీగ తీశాం. అయినా అందరికీ వెంటనే నెట్ రాలేదు. నా రౌటర్ ఇచ్చిన తప్పుడు చిరునామాలను ల్యాప్‌టాపులు ఇంకా పట్టుకునే ఉన్నాయి. అక్క ఒక్కో గదికీ వెళ్లి ‘నెట్ తీసేసి మళ్లీ కలపండి’ అని చెప్పింది. ఆలోగా నా ఫోనులోని మొబైల్ డేటా ఆ అమ్మాయికి ఇచ్చాను. పదకొండు నలభైకి దరఖాస్తు చేరినట్టు రసీదు వచ్చింది. ఇంకో ఇరవై నిమిషాలు ఆలస్యమై ఉంటే? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో మరునాడు నెట్‌వర్క్ కార్యాలయంలో సార్ బొమ్మ గీసి చెప్పారు. రౌటర్‌లో కూడా చిన్న డీహెచ్‌సీపీ సర్వర్ ఉంటుంది. ఇంట్లో చిరునామాలు ఇచ్చేది అదే. బయటి నెట్ తీగకు రౌటర్ వెనక ఒక ప్రత్యేక రంధ్రం ఉంటుంది. నేను దాన్ని వదిలేసి లోపలి పరికరాల రంధ్రంలో గుచ్చాను. దాంతో నా రౌటర్ వరండా మొత్తానికి చిరునామాలు పంచడం మొదలుపెట్టింది. ‘చిరునామా ఎవరిస్తారు?’ అని పక్క గది ల్యాప్‌టాప్ అడిగితే, కింద అంతస్తులో ఉన్న అసలు సర్వర్ కంటే పక్కనే ఉన్న నా రౌటర్ ముందు జవాబిచ్చింది. దాని మాట నమ్మి వెళ్లినవాళ్లకు బయటికి దారే లేదు.

“సరైన రంధ్రంలో పెట్టి ఉంటే ఫర్వాలేదా సార్?” అని అడిగాను.

“అప్పుడూ ఫర్వాలేదనడానికి లేదమ్మా. నీ రౌటర్ వెనకాల పదిమంది చేరితే మాకు పదిమంది కనిపించరు, నువ్వొక్కదానివే కనిపిస్తావు. వాళ్లలో ఎవరేం చేసినా నీ పేరే వస్తుంది” అన్నారాయన.

ఇంకో కారణం కూడా చెప్పారు. పాతకాలం నుంచి వాడుతున్న 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానితో ఒకటి కలవకుండా వాడగలిగే దారులు మూడే: 1, 6, 11. హాస్టల్లో పెట్టిన వైఫై పెట్టెలను ఈ దారుల్లో లెక్క ప్రకారం సర్దుతారు. ప్రతి గదిలోనూ ఒక రౌటర్ పెడితే అందరూ ఒకేసారి అరుస్తున్న తరగతి గదిలా అవుతుంది. ఎవరి మాటా ఎవరికీ వినపడదు.

నా గదికి వారం రోజులు నెట్ ఆపేశారు. క్షమాపణ పత్రం రాసిచ్చాను. సిగ్నల్ రావడం లేదని ఒక దరఖాస్తు కూడా రాయమన్నారు. అదీ రాశాను. కొన్నాళ్లకు మా వరండా చివర కొత్త వైఫై పెట్టె బిగించారు. మొదటే ఒక కాగితం రాసి ఉంటే సరిపోయేది. ఇప్పుడు చాలా సంస్థల్లో ఇలాంటి దొంగ సర్వర్ల జవాబులను స్విచ్ దగ్గరే ఆపేసే ఏర్పాటు ఉంది. అయినా ఆ నియమం జాబితాలో అలాగే ఉంది, ఉండాలి కూడా.

నాలుగో నియమం: ఐడీ, పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకూడదు

హాస్టల్లో అందరం ఒకరి చెంబు ఒకరు, ఒకరి ఇస్త్రీపెట్టె ఒకరు వాడుకుంటాం. ఆ అలవాటులోనే పాస్‌వర్డ్ కూడా అడుగుతారు. “ఒక్కసారి నీ ఐడీ ఇవ్వవే, సినిమా చూసుకుని ఇచ్చేస్తా” అంటారు. ఇస్త్రీపెట్టె తిరిగి వస్తుంది. పాస్‌వర్డ్ ఒకసారి తెలిస్తే తిరిగి రాదు.

ఏ ఐడీతో ఏ పరికరం ఎప్పుడు నెట్‌లోకి వచ్చిందో సంస్థ దగ్గర నమోదై ఉంటుంది. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు మొదలైనవి ఇలాంటి చిట్టాలను 180 రోజుల పాటు భద్రపరచాలి. మీ ఐడీతో ఎవరైనా ఒకరిని బెదిరిస్తూ సందేశం పంపితే, లేదా ఇంకొకరి ఖాతాలోకి చొరబడితే మొదట పిలిచేది మిమ్మల్నే. ‘నేను కాదు’ అని నిరూపించుకోవలసిన భారం మీ మీద పడుతుంది.

అడగకుండా ఇంకొకరి పాస్‌వర్డ్ వాడేవాళ్లు కూడా ఒక మాట తెలుసుకోవాలి. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టంలో 66సి అనే సెక్షన్ ఉంది. మోసపూరితంగా గానీ నిజాయతీ లేకుండా గానీ మరొకరి పాస్‌వర్డ్ వాడితే మూడేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చని అది చెబుతుంది. స్నేహితురాలి మీద కోపంతో ఆమె ఐడీతో లోపలికి వెళ్లి ఏదో ఒకటి రాయడం ఆటలా అనిపించవచ్చు. చట్టం దాన్ని ఆటగా చూడదు.

మరి ఊరినుంచి స్నేహితురాలు వచ్చి నెట్ కావాలంటే? “ఏమీ అనుకోకే. నా ఐడీ ఇవ్వకూడదు. అతిథి ఐడీ కోసం వార్డెన్ మేడమ్‌ని అడుగుదాం పద” అనండి. స్నేహమూ నిలుస్తుంది, నియమమూ నిలుస్తుంది.

బదిలీల మధ్య పెరిగిన మీకు ఎడ్యురోమ్ అనే ఏర్పాటు బాగా నచ్చుతుంది. 2002 ప్రాంతంలో యూరప్‌లో ఈ ఆలోచన మొదలైంది. ఇప్పుడు వందకు పైగా దేశాల్లో ఉంది. మన దేశంలో దీని బాధ్యత ఎర్నెట్ ఇండియా చూస్తుంది. మీ విశ్వవిద్యాలయం ఇందులో సభ్యురాలైతే, సభ్యత్వం ఉన్న ఇంకో విశ్వవిద్యాలయానికి వెళ్లినప్పుడు మీ సొంత ఐడీతోనే అక్కడి నెట్ వాడుకోవచ్చు. అక్కడి సర్వర్ ‘ఈమె మీ విద్యార్థినేనా?’ అని మీ సంస్థ సర్వర్‌ను అడుగుతుంది. అవునంటే తలుపు తీస్తుంది. సెట్టింగులు సరిగా ఉంటే మీ పాస్‌వర్డ్ అక్కడివాళ్లకు కనిపించదు. ఒక బడి ఇచ్చిన టీసీని ఇంకో బడి నమ్మినట్టే ఇదీ. ఆ నమ్మకం నిలబడాలంటే ఐడీ మీ ఒక్కరి చేతిలోనే ఉండాలి.

అయిదో నియమం: పరికరాన్ని ఆరోగ్యంగా ఉంచాలి

2003 జూలై 16న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్‌లోని ఒక లోపాన్ని సరిచేసే అతుకు విడుదల చేసింది. చాలామంది దాన్ని వేసుకోలేదు. ఆగస్టు 11న ఆ లోపం గుండా బ్లాస్టర్ అనే పురుగు బయలుదేరింది. ఎవరూ ఏదీ నొక్కకుండానే నెట్‌కు తగిలించి ఉన్న కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కు పాకింది. అమెరికాలో విశ్వవిద్యాలయ హాస్టళ్లకు విద్యార్థులు తిరిగి వచ్చే రోజులవి. వేసవిలో ఇళ్ల దగ్గర పురుగు పట్టిన కంప్యూటర్లు వారి వెంట హాస్టళ్లలోకి వచ్చాయి. అక్కడి పలు విశ్వవిద్యాలయాలు ముందు కంప్యూటర్‌ను పరీక్షించి, అతుకు వేయించి, ఆ తరువాతే నెట్‌కు కలపడం మొదలుపెట్టాయి.

అతుకు దొరికి ఇరవై ఆరు రోజులైంది. వేసుకుని ఉంటే పురుగు పట్టేది కాదు. అందుకే ‘అప్‌డేట్ చేయండి’ అని ఫోను అడిగితే ‘తరువాత’ అని ప్రతిరోజూ తోసేయకండి. దొంగ సాఫ్ట్‌వేర్ వేయకండి, పురుగులు వచ్చే దారుల్లో అదొకటి. మీ ల్యాప్‌టాప్‌కు పురుగు పట్టిందని తెలిస్తే నెట్‌వర్క్ కార్యాలయం దాన్ని విడిగా పెడుతుంది. అది శిక్ష కాదు. అమ్మవారు పోసిన పిల్లవాణ్ణి బడికి పంపకుండా ఇంట్లో ఉంచడం లాంటిది.

ఆరో నియమం: పదిమందిదీ పదిమందికీ అందాలి

పెద్ద పెద్ద సినిమాలు, ఆటలు రాత్రంతా దింపుకుంటూ ఉంటే పక్క గదిలో ఆన్‌లైన్ పరీక్ష రాసేవారికి నెట్ అందదు. అనుమతి లేని సినిమాలు, పుస్తకాలు పంచుకోవడం 1957 నాటి కాపీరైట్ చట్టానికి కూడా విరుద్ధం. కొన్ని సంస్థలు రోజుకు ఇంత అని డేటా పరిమితి పెడతాయి. స్మార్ట్ స్పీకర్లు, కెమెరాలు, ప్రింటర్ల వంటివి కలపాలంటే ముందు అడగాలి. గదిలో కెమెరా పెడితే అందులో మీ గదిలో ఉండే స్నేహితురాలూ కనిపిస్తుందని మరచిపోకండి.

ఇక్కడ ఒక న్యాయమైన సందేహం వస్తుంది. ‘మేం చూసేదంతా సంస్థకు కనిపిస్తుందా?’ బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉన్న పేజీలో మీరేం చదివారో, ఏం రాశారో దారిలో ఉన్నవారికి మామూలుగా కనిపించదు. ఏ పరికరం, ఎప్పుడు, ఏ సైట్ వైపు వెళ్లిందో మాత్రం తెలిసే అవకాశం ఉంది. ఏ వివరాలు నమోదు చేస్తారు, ఎవరు చూడవచ్చు అని కార్యాలయంలో అడగండి. మర్యాదగా అడిగితే అది తప్పు కాదు. మీరు నియమాలు పాటించాలని సంస్థ కోరుతున్నట్టే, ఆ నియమాలేమిటో స్పష్టంగా చెప్పమని మీరూ కోరవచ్చు.

చివరి నియమం: వెళ్లేటప్పుడు పేరు తీయించాలి

క్వార్టర్ ఖాళీ చేసేటప్పుడు నాన్నగారు ‘నో డ్యూస్’ కాగితం తీసుకోవడం చూసి ఉంటారు. పరికరానికీ అది అవసరం. పాత ఫోను తమ్ముడికి ఇచ్చినా, ల్యాప్‌టాప్ అమ్మినా నెట్‌వర్క్ పట్టికలో మీ పేరు మీద ఉన్న నమోదును తీయించండి. ఫోను పోతే వార్డెన్‌కూ నెట్‌వర్క్ కార్యాలయానికీ వెంటనే చెప్పి పాస్‌వర్డ్ మార్చండి. లేకపోతే ఎవరి చేతిలోనో ఉన్న పరికరం మీ పేరుతో తిరుగుతూ ఉంటుంది.

ఈ నియమాలన్నిటిలోనూ ఉన్నది ఒక్క మాటే. హాస్టల్ నెట్‌వర్క్‌లో మీ పరికరం మీ పేరు పెట్టుకుని పదిమంది మధ్య తిరుగుతుంది. అది చేసే మంచీ చెడూ పక్క గదిదాకా వెళ్తాయి. ప్రతి కొత్త ఊళ్లోనూ కొత్తవారి మధ్య ఎలా మెలగాలో మీరు చిన్నప్పటినుంచీ నేర్చుకున్నారు. మీ పరికరాన్నీ అలాగే మెలగనివ్వండి. ముందుగా ఆ జాబితా చదవండి, తరువాతే గడి నొక్కండి.

కొత్త పదాలు

స్విచ్: ఒక భవనంలోని నెట్ తీగలన్నిటినీ కలిపే పెట్టె.
రౌటర్: ఒక నెట్‌వర్క్‌ను ఇంకో నెట్‌వర్క్‌తో కలిపే పెట్టె.
సర్వర్: అడిగినవారికి సమాచారమో సేవో అందించే కంప్యూటర్.
అతుకు: సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని సరిచేసే చిన్న భాగం.
చిట్టా: ఎప్పుడు ఏం జరిగిందో వరుసగా రాసి ఉంచే పట్టిక.

ఆలోచించండి, చెప్పండి

1. మ్యాక్ అడ్రస్‌కూ ఐపీ అడ్రస్‌కూ తేడా ఏమిటి? మీ సొంత ఉదాహరణతో చెప్పండి.
2. రౌటర్ తగిలించిన రాత్రి, ముందునుంచీ ల్యాప్‌టాప్ తెరిచి ఉంచినవాళ్లకు నెట్ ఎందుకు పోలేదు?
3. “నాదే అక్కా” అని చెప్పకుండా తీగ పీకేసి ఊరుకుని ఉంటే ఏమయ్యేది? వెంటనే నెట్ రానివాళ్లకు కారణం తెలిసేదా?
4. మీ హాస్టల్ గదిలో సిగ్నల్ రావడం లేదనుకోండి. నెట్‌వర్క్ కార్యాలయానికి తెలుగులో ఒక దరఖాస్తు రాయండి.

చేసి చూడండి

ఇంట్లో పెద్దవారి అనుమతి తీసుకుని మీ ఫోను సెట్టింగులలో దాని ఐపీ అడ్రస్ చూడండి. అది 192.168తో మొదలైందా, 10తో మొదలైందా? మీ ఇంటి నెట్‌కు ఎన్ని పరికరాలు తగిలించి ఉన్నాయో పట్టిక రాసి, ఏది ఎవరిదో ఎదురుగా రాయండి. ఎవరిదో తెలియని పరికరం ఒక్కటైనా ఉంటే, ఇంటి వైఫై పాస్‌వర్డ్ మార్చాల్సిన సమయం వచ్చిందని పెద్దవారికి చెప్పండి.